రిక్షా ఎక్కిన సినిమా

శుక్రవారం వచ్చిందని తెలియడానికి ఆ ఊళ్లో ఎవరూ క్యాలెండరు చూడనక్కర్లేదు. పొద్దున తొమ్మిదింటికల్లా మార్కెట్ మలుపులో మైకు గరగరమనేది. రికార్డు మీద ముల్లు పడేది. పాట ఓ పల్లవి పాడి తగ్గేది. ఆ వెంటనే గొంతు... 'నేడే చూడండి! మీ అభిమాన థియేటర్లో... రోజూ మూడు ఆటలు... ఆలసించిన ఆశాభంగం!'

అంతే. బడికి తయారవుతున్న పిల్లలు ఒక చేతికి చొక్కా తొడుక్కుని, రెండో చేయి మర్చిపోయి వీధిలోకి దూకేవారు. పొయ్యి మీద పులుసు మరుగుతున్నా ఆడవాళ్లు గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చేవారు. అరుగు మీద పేపరు చదువుకునే పెద్దాయన మాత్రం తల ఎత్తేవాడు కాదు. కానీ చెవి అటే.

వచ్చేది రిక్షా. రెండువైపులా తడికెలు నిలబెట్టి, వాటి మీద పోస్టర్లు అంటించిన సినిమా రిక్షా. పైన గరాటు లాంటి స్పీకరు. సీటు కింద బ్యాటరీ. తడికెల మధ్య, బయటికి సరిగ్గా కనిపించకుండా ఒక మనిషి. చేతిలో మైకు, ఒళ్లో కరపత్రాల కట్ట.

ఆ మనిషికి ఇప్పుడు డెబ్బై దాటాయి. గోదావరి జిల్లాల్లోని ఓ చిన్న పట్నం ఆయనది. దాదాపు పాతికేళ్లు ఆ ఊళ్లోని రెండు హాళ్లకీ ఆయనే గొంతు. ఆయన అసలు పేరు అడిగితే ఈనాటికీ చాలామంది తడుముకుంటారు. 'సినిమా రిక్షా ఆయన' అంటే మాత్రం చంటిపిల్లాడు కూడా ఇల్లు చూపిస్తాడు.

గురువారం రాత్రి హడావుడి

శుక్రవారం మోగే మైకుకి పని గురువారమే మొదలయ్యేది. పంపిణీదారుల ఆఫీసుల నుంచి రీళ్ల పెట్టెలు బస్సు మీదో రైల్లోనో దిగేవి. కోస్తా ఊళ్లకు సంబంధించినంత వరకూ ఆ ఆఫీసుల అడ్డా విజయవాడ గాంధీనగర్. పెట్టెలతో పాటే పోస్టర్ల చుట్టలు. వాటిలో చాలా భాగం మద్రాసులోనో శివకాశిలోనో అచ్చయినవి. ముప్ఫై అంగుళాల వెడల్పు, నలభై అంగుళాల పొడవు ఉంటే సింగిల్ షీటు. అలాంటివి ఆరు అతికిస్తే సిక్స్ షీటు. ఊరి మొదట్లో పెద్ద గోడ ఉంటే ట్వంటీఫోర్ షీటు. హీరో తల ఒక కాగితం మీద, మీసం ఇంకో కాగితం మీద వస్తుంది. లాంతరు వెలుగులో నిచ్చెనెక్కి అతికించేటప్పుడు అంగుళం తేడా వచ్చిందా... తెల్లారేసరికి హీరోగారి మూతి వంకర!

ఇక జిగురు. మైదాపిండిని నీళ్లలో కలిపి ఉడికించడమే. పురుగు పట్టకుండా కొందరు అందులో మైలుతుత్తం వేసేవారు. ఆవులు మాత్రం పిండి వాసనకి గోడ దగ్గరకొచ్చి పోస్టరును ఓ మూల నుంచి నమలడం మొదలుపెట్టేవి. 'మా సినిమా ఆవులు కూడా వదల్లేదు' అని హాల్లో జోకులు.

కరపత్రాలు ఊళ్లోనే ట్రెడిల్ ప్రెస్సులో అచ్చయ్యేవి. గులాబీ, పసుపు, లేతాకుపచ్చ... చేత్తో పట్టుకుంటే అవతలి వేలు కనిపించేంత పల్చటి కాగితం. సగం కథ చెప్పి, కథానాయిక కష్టంలో పడ్డచోట ఆపేసేవారు. ఆమె ఏమైంది? వెండితెరపై చూడండి! రిక్షా లోంచి ఒక గుప్పెడు గాల్లోకి విసిరితే ఇరవైమంది పిల్లలు దుమ్ములో పడి ఏరుకునేవారు. ఎక్కువ దొరికినవాడే ఆ రోజుకి వీధిలో మొనగాడు.

ఈ హంగామా అంతా ఎందుకంటే, అప్పట్లో కొత్త సినిమా అన్ని ఊళ్లకీ ఒకే రోజు వచ్చేది కాదు. ప్రింట్లు తక్కువ. ముందు పెద్ద పట్నాలు. అక్కడ ఆడి ఆడి, గీతలు పడ్డాక చిన్న ఊళ్ల వంతు. ఈలోపు పట్నంలో చుట్టాలింటికి వెళ్లినవాళ్లు కథంతా చెప్పేసేవారు. తెలిసిన కథకే జనాన్ని మళ్లీ రప్పించాలి. ఆ బరువంతా రిక్షా మీదే!

గుడి కట్టినా... బీమా కట్టినా

జనాన్ని హాలు దాకా నడిపించే విద్య సినిమాతో పాటే పుట్టింది. 1948లో జెమినీ అధినేత ఎస్.ఎస్.వాసన్ 'చంద్రలేఖ' తీసినప్పుడు ఆ సినిమా గురించి ఎంత చెప్పుకున్నారో, దాని ప్రచారం గురించీ అంతే చెప్పుకున్నారు. 1960లో 'శ్రీ వేంకటేశ్వర మహత్మ్యం' ఆడిన హాళ్లలో స్వామివారి విగ్రహం పెట్టి, పక్కన హుండీ ఉంచారు. టికెట్టు కొన్నవాళ్లు ముందు అక్కడ కొబ్బరికాయ కొట్టి, తరవాతే సీటు వెతుక్కునేవారు. 1963లో 'లవకుశ' వస్తే పల్లెలకు పల్లెలే ఎడ్లబళ్లు కట్టుకుని కదిలాయి.

అమెరికాలోనూ ఇదే తంతు. విలియం కాజిల్ అనే దర్శకుడు 1958లో 'మకాబర్' అనే భయానక చిత్రం తీసి, చూస్తూ భయంతో ఎవరైనా చనిపోతే వెయ్యి డాలర్లు వచ్చేలా ప్రేక్షకులకు బీమా చేయించాడు. మరుసటి ఏడాది 'ది టింగ్లర్' కోసం కొన్ని హాళ్లలో సీట్ల కింద గుర్రుమని అదిరే యంత్రాలు బిగించారు. మన రాంగోపాల్ వర్మ కూడా 2008లో 'ఫూంక్' సినిమాని హాల్లో ఒంటరిగా చూసినవారికి 5 లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటించారు.

రిక్షా ఆయన దగ్గర అయిదు లక్షలూ లేవు, అదిరే సీట్లూ లేవు. ఉన్నది గొంతు ఒక్కటే. దానికీ ఓ రోజు పరీక్ష వచ్చింది.

'నీకు నోరుందిగా?'

ఎనభయ్యో దశకం మొదట్లో సంగతి. హాలుకి ఓ డబ్బింగ్ సినిమా వచ్చింది. పోస్టరు మీద అమ్మా నాన్నా పిల్లలూ నవ్వుతున్నారు. హాలు నుంచి వచ్చిన కాగితం మీద 'కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం' అని రాసుంది. ఆయన అలాగే చదివారు. ఒకటికి పదిసార్లు, రాగం తీసి మరీ చదివారు.

ఆ వీధి చివర పాలు పోసే ఒకావిడ ఉండేది. సినిమాలకు పెద్దగా వెళ్లే మనిషి కాదు. కానీ రోజూ చూసే కుర్రాడు చెబుతున్నాడు కదా అని, దాచుకున్న డబ్బులు తీసి కోడల్నీ, పెళ్లికెదిగిన కూతుర్నీ, ఇద్దరు మనవల్నీ వెంటబెట్టుకుని మొదటాటకు వెళ్లింది. ఇంటర్వెల్ గంట కొట్టకముందే తల దించుకుని అందరినీ బయటికి తీసుకొచ్చేసింది.

మర్నాడు పొద్దున పాలచెంబుతో ఆయన గుమ్మం ముందు నిలబడింది.

''ఏరా అబ్బాయ్, నువ్వు చూశావా ఆ సినిమా?''

''లేదు పిన్నీ. వాళ్లు రాసిచ్చింది చదివానండీ.''

''పోస్టరు అబద్ధమాడిందంటే దానికి నోరు లేదు, అంటించినవాడిది పాపం. నీకు నోరుందిగా? ఊళ్లో ఆడపిల్లలు నీ మాట నమ్ముకుని వస్తార్రా.''

డబ్బులు అడగలేదు. శాపనార్థాలు పెట్టలేదు. పాలు పోసి వెళ్లిపోయింది. ఆయన మాత్రం ఆ రోజు రిక్షా ఎక్కలేదు. జ్వరమని కబురు పంపారు.

ఆ తరవాత ఓ నియమం పెట్టుకున్నారు. తను చూడని సినిమాని 'చూడదగ్గ చిత్రం' అనకూడదు. మొదటి విడత పేరు, తారలు, ఆటల వేళలు మాత్రమే చెప్పేవారు. మ్యాట్నీకి ఆపరేటర్ గది పక్కన నిలబడి సినిమా చూసేవారు. సాయంత్రం రిక్షాలో మాట మారేది. బావుంటే 'కుటుంబ సమేతంగా' అని మనస్ఫూర్తిగా పిలిచేవారు. బాగోకపోతే పేరూ వేళా చెప్పి, పాట పెట్టేసేవారు.

ఊరికి ఇది అర్థం కావడానికి నెల పట్టలేదు. ''సాయంత్రం ఏమన్నాడే?'' ''ఏమీ అనలేదు, పాట వేశాడు.'' ''అయితే వద్దులే, ఆదివారం అమ్మమ్మగారింటికి వెళదాం.''

మేనేజరుకీ అర్థమైంది. ''నీకు జీతమిచ్చేది అరవడానికా, తీర్పు చెప్పడానికా?'' అని మండిపడ్డాడు. రెండు వారాలు ఆయన్ని ఆపేసి మరో కుర్రాణ్ని రిక్షా ఎక్కించారు. అప్పటికి ఆయనకు ఇద్దరు పిల్లలు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపిస్తోంది. భార్య ఒక్కమాటా అనలేదు. అననందుకే భయమేసిందని ఇప్పుడు నవ్వుతూ చెబుతారు. మూడో గురువారం హాలు నుంచి మనిషి వచ్చాడు, 'రేపు రమ్మన్నారు' అని. ఎందుకు ఆపారో చెప్పినవాళ్లు, ఎందుకు పిలిచారో చెప్పలేదు. కుర్రాడి గొంతు బాగానే ఉంది. కానీ కరపత్రం తీసుకున్నవాళ్లంతా 'పాతాయన ఏమన్నాడు?' అని అడుగుతున్నారట!

పరిశ్రమకీ ఈ పాఠం కొత్త కాదు. 1980లో 'శంకరాభరణం' వచ్చినప్పుడు మొదట్లో హాళ్లు దాదాపు ఖాళీగా ఉన్నాయి. పేరున్న హీరో లేడు, ఫైట్లు లేవు. చూసినవాళ్లు బయటికొచ్చి మరో నలుగురికి చెప్పారు. ఆ నోటిమాటే హాళ్లు నింపింది.

గళ్లలోంచి లేచిన దేవుళ్లు

రిక్షా పిలిస్తే వచ్చిన జనాన్ని హాలు ముందు ఆపేది బొమ్మ. గుడ్డ మీద, ప్లైవుడ్ మీద చేత్తో వేసిన నిలువెత్తు బొమ్మ. చిన్న ఫొటో మీద గళ్లు గీసుకుని, అదే లెక్కన పెద్ద గళ్లలోకి దించేవారు చిత్రకారులు. ముక్కు దగ్గర నిలబడి వేస్తుంటే అది ముక్కో కొండో తెలీదు. ఆ అంచనా చేతికి రావడానికి ఏళ్లు పట్టేది. బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి బతికినవాళ్లలో ఎం.ఎఫ్.హుసేన్ ఒకరు. ఆ తరవాత ఆయన ప్రపంచానికంతా తెలిశారు. మన ఊళ్లలో వేసినవాళ్ల పేర్లు మాత్రం బొమ్మ కింద మూలన 'ఆర్ట్స్' అన్న రెండక్షరాల దగ్గరే ఆగిపోయాయి. వారం తిరిగేసరికి ఆ బొమ్మ మీదే తెల్లరంగు పూసి కొత్త హీరోని నిలబెట్టేవారు. ఒక్కో గుడ్డ కింద ఎంతమంది రాముళ్లో, ఎంతమంది దొంగరాముళ్లో!

తరవాత టీవీ ఇంటికొచ్చింది. ట్రైలరు కుర్చీ దగ్గరకే వచ్చింది. 2000 దాటాక ఫ్లెక్సీ దిగింది. కంప్యూటర్లో తయారైన బొమ్మ గంటల్లో చేతికొస్తుంటే కుంచె పట్టేవాళ్లకు పనేముంది? కొందరు దుకాణాల బోర్డులకు మళ్లారు. ఇంకొందరు కుంచెలు కిరోసిన్‌లో కడిగి అటక మీద పెట్టేశారు. డిజిటల్ ప్రదర్శన వచ్చాక పెద్ద పట్నంలోనూ చిన్న ఊళ్లోనూ ఒకే రోజు విడుదల. రీళ్ల పెట్టె కోసం బస్టాండులో ఎదురుచూసే పనీ పోయింది.

బొమ్మలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. 2015లో 'బాహుబలి' కోసం కొచ్చిలో పరిచిన పోస్టరు 51 వేల చదరపు అడుగులు దాటి గిన్నిస్ రికార్డు కొట్టింది. అభిమానం కూడా అలాగే ఎత్తు పెరిగింది. 2020 సెప్టెంబరులో కుప్పం దగ్గర అభిమాన నటుడి పుట్టినరోజుకి బ్యానరు కడుతూ ముగ్గురు కరెంటు షాక్‌తో చనిపోయారు. 2023 జులైలో నరసరావుపేటలో అదే రకంగా ఇద్దరు కుర్రాళ్లు పోయారు. బొమ్మ ఎంత ఎత్తున ఉంటే అభిమానం అంత గొప్పదని వాళ్లకు ఎవరు చెప్పారో! కరెంటు తీగ ఎంత దూరంలో ఉందో చెప్పేవాళ్లు మాత్రం పక్కన లేకపోయారు. ఈ వార్తలు చదివినప్పుడల్లా రిక్షా ఆయన పేపరు మడిచేసి, ''పిలిచేవాడికి బాధ్యత ఉండాలండీ'' అంటారు. అంతకుమించి మాట్లాడరు.

మళ్లీ మైకు

ఆ ఊళ్లోని రెండు హాళ్లలో ఒకటి కూలిపోయింది. రెండోది కల్యాణ మండపమైంది. టికెట్లిచ్చే కిటికీ దగ్గర ఇప్పుడు చదివింపులు రాస్తున్నారు. తెర ఉన్నచోట పెళ్లి పీటలు.

మొన్నామధ్య ఆయన మనవరాలి పెళ్లి అందులోనే జరిగింది. ముహూర్తం అయింది, వంటలు సిద్ధం. బంధువులు మాత్రం ఫొటోల్లో మునిగిపోయి కదలడం లేదు. పెళ్లికూతురు తల ఎత్తి, ''తాతయ్యా, ఓసారి పిలువు'' అంది. ఎవరో చేతికి మైకిచ్చారు.

పాతికేళ్ల తరవాత చేతిలో మైకు. ఆయన రెండడుగులు ముందుకేసి, ఆగారు. మైకు పక్కన పెట్టి వంటశాల వైపు నడిచారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయిదు నిమిషాలకి మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చి మైకు అందుకున్నారు.

''రండి బాబూ రండి! గుత్తివంకాయ కూర, ముద్దపప్పు, పూర్ణాలు... నేను తిని వచ్చి చెబుతున్నానండీ. కుటుంబ సమేతంగా రండి!''