మాటకు రెండర్థములు

ఒడంబడికలోని మాటను ఇరువురును చదువుదురు; కాని ఇరువురును ఒకే వస్తువును భావింతురను నమ్మకము లేదు. అమ్మువాని కన్ను తన యంగడిలోని సరకుపై నుండును. కొనువాని కన్ను తన యింటి యవసరముపై నుండును. సరకు గుమ్మము చేరిన దినమునగాని ఆ భేదము బయటపడదు. అప్పుడు మన నోట మొట్టమొదట వెలువడు మాట "మోసము". ఆ మాట పలుకుటకు ముందు ఒక్క క్షణము యోచింపవలెనని నా మనవి.

సంస్కృతము చదువుకొన్నవారెల్ల ఎఱిగిన పాత యుదాహరణ మొకటి గలదు. "సైంధవము తెమ్ము" అని యజమాని సేవకు నాజ్ఞాపించెను. సైంధవమనగా ఉప్పు, సింధుదేశపు గుఱ్ఱమును సైంధవమే. భోజనమునకు కూర్చున్నవాడు కోరినది ఉప్పు. ప్రయాణమునకు లేచినవాడు కోరినది గుఱ్ఱము. పదము తీర్పలేని సందేహమును ప్రకరణము తీర్చును.

1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టమును ఈ త్రోవనే త్రొక్కినది. నూఱు టన్నుల నూనె అమ్మెదనని మాత్రము వ్రాసి, అది ఏ నూనెయో తెలియు జాడ లేనిచో ఆ యొడంబడిక చెల్లదు. అమ్మువాడు కొబ్బరినూనె వర్తకము మాత్రమే చేయువాడైనచో అది కొబ్బరినూనెయే యని గ్రహింపవలెను. ఈ రెండును 29వ సెక్షనులోని యుదాహరణములే.

కొన్ని యెడల ప్రకరణమును చేయి విడుచును. 1864లో ఇంగ్లండున ఒక వ్యాజ్యము నడచెను. బొంబాయినుండి "పీర్‌లెస్" అను ఓడలో వచ్చు 125 బేళ్ల సూరతు ప్రత్తిని లివర్‌పూలున కొనుటకు ఒడంబడిక జరిగెను. ఆ పేరుగల ఓడలు రెండుండెను! ఒకటి అక్టోబరులో, వేఱొకటి డిసెంబరులో బొంబాయిని విడిచినవి. కొన్నవారు మొదటిదానిని, అమ్మినవారు రెండవదానిని ఉద్దేశించితిమనిరి. తీర్పు కొన్నవారి పక్షమున వచ్చెను. ఇందు మోసగాడెవడు?

మా పాఠశాలకు బల్లలు చేయించినప్పుడు ఇట్టి చిక్కే కలిగెను. "నలుగురు కూర్చుండదగిన బల్లలు పది" అని సంఘమువారు కాగితము వ్రాసిరి. వచ్చిన బల్లలపై మూడవ తరగతి పిల్లలు నలుగురు కూర్చుండిరి. పదవ తరగతివారు ముగ్గురే పట్టిరి. ఆ సొమ్ము తల్లిదండ్రులు రూపాయి రూపాయి కూర్చి యిచ్చినది. పైకము నిలుపుడని పెద్దలనిరి. వడ్రంగియో, పనివాండ్రకు ఆనాడే కూలి ఈయవలసియుండెను. తగవు తీర్చుమని నన్ను కోరిరి. కొలతకై అతనిని ఏ గదికి తీసికొనిపోయితిరని నేనడిగితిని. చిన్నపిల్లల గదికి! అచ్చటి పాతబల్లనే అతడు కొలుచుకొనెను. కుదిరిన ధరయు ఆ బల్లకు తగినదే. సొమ్ము పూర్తిగా నీయవలెనని చెప్పితిని, ఇచ్చిరి. పెద్దపిల్లలు సంక్రాంతివఱకు చాపలపై కూర్చుండిరి. ఇరువురు పెద్దలు నాతో చాలకాలము మాటాడరైరి. అయినను, ఇతర ఆధారములు లేనప్పుడు సందిగ్ధమైన మాటను వ్రాసినవానికి ప్రతికూలముగా గ్రహింపవలెనను న్యాయవేత్తల నియమము ధర్మమైనదే.

ఇట్లని కొనువాడు ఊరకుండవలెనని కాదు. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము కొనువానికి సరకును పరీక్షించు హక్కు నిచ్చినది. కాని తగిన కాలము గడచినను నిరాకరింపక యుంచుకొన్నచో అంగీకరించినట్లే. మన యిండ్లలో అలవాటు దీనికి విపరీతము: ఎదుట మొగమాటమున మౌనము, వెనుక నాలుగు వీధుల నింద! సరకును వాడక, కుదిరినదేమో వచ్చినదేమో ఆనాడే వ్రాసి పంపుట మర్యాదకు లోపము కాదు.

చదువరులారా! ఒడంబడిక వ్రాయువాడు సాధారణముగా బలవంతుడు. వ్రేలిముద్ర వేయువాడు దుర్బలుడు. ఇంటి స్త్రీచే చదివింపకయే చేవ్రాలు చేయించు కాగితములు, ఎదుటివానికి రాని భాషలో అచ్చొత్తించిన షరతులు, ఇవి సమ్మతులు కావు. ఇరువురికిని తెలిసిన భాషలో వ్రాయుడు. "పెద్దది", "మేలైనది" అను మాటలకు మాఱుగా అడుగులు, అంగుళములు, తూకము, దినములు వ్రాయుడు. పిదప, "నీవు తేబోవునదేమి?" అని యడిగి ఎదుటివానిచే ఒకమాఱు నోట చెప్పించుడు. చేవ్రాలు అటుపిమ్మటనే.