దెబ్బకి ఎదురెళ్లడం

2004లో కాలిఫోర్నియాలో జరిగిన ఈవో వీడియోగేమ్ పోటీల్లోని ఒక ఆట వీడియో ఇప్పటికీ తరచూ పెట్టుకుని చూస్తుంటాను. స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్. డైగో ఉమెహారా ఆడుతున్న కెన్‌కి ప్రాణం అడుగంటింది. ఎదురుగా జస్టిన్ వాంగ్ ఆడే చున్‌లీ. ఆమె సూపర్ దెబ్బని మామూలుగా కాచుకుంటే లాభం లేదు. అప్పుడు తగిలే ఆ కాస్త నష్టానికే కెన్ పడిపోతాడు. మిగిలిన దారి ప్యారీ ఒక్కటే. దెబ్బ తగలబోయే క్షణంలో స్టిక్‌ని వెనక్కి లాగకుండా, ఎదుటివాడి వైపే నొక్కాలి.

ఆ సూపర్‌లో 15 తన్నులు. డైగో ఒక్కొక్కటికీ విడిగా, దాని లయలోనే నొక్కాడు. చివరిదాన్ని గాల్లోకి ఎగిరి మరీ ఆపాడు. కిందికి దిగుతూనే తన్ను, షోర్యూకెన్ గుద్దు, సూపర్. చున్‌లీ కుప్పకూలింది. హాలు దద్దరిల్లిపోయింది.

నన్ను కట్టిపడేసేది ఆ చేతివేగం కంటే మొదటి తన్ను. దాన్ని చూశాక నొక్కుదామంటే ఆలస్యమైపోతుంది, ముందే పసిగట్టాలి. వాంగ్ ఓపిగ్గా దూరం పాటిస్తున్నంతసేపూ, ఎప్పుడు తెగిస్తాడా అని డైగో కాచుక్కూర్చున్నాడనే నా నమ్మకం. ఎంత నిబ్బరం కావాలి దానికి! ఆ టోర్నీ మాత్రం అతనికి దక్కలేదు, ఫైనల్లో కెంజి ఒబాటా గెలిచాడు.