పట్టుకు నవారు తోడు

మా పిన్ని అల్లిక నేర్చుకున్నది ఢిల్లీలో. బాబాయి ఉద్యోగం అక్కడ ఉన్నన్నాళ్లూ చలికాలం మధ్యాహ్నాలు డాబా మీద ఎండలో ఇరుగుపొరుగు ఆడవాళ్లతో కూర్చుని స్వెటర్లు అల్లేది. హైదరాబాదు వచ్చేశాక స్వెటర్ల అవసరం తగ్గింది గానీ చేతుల అలవాటు పోలేదు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు వచ్చినప్పుడల్లా తల్లికి ఊలు తెస్తుంది. పోయినసారి తెచ్చినవి ఊలు ఉండలు కావు, పట్టు చిలపలు. నెమలికంఠం, పసుపు, వంకాయరంగు, గులాబీ ఒకే పోగులో ఒకదాని వెంట ఒకటి తోసుకొచ్చే చిలపలు. చీటీ మీద ‘రీసైకిల్డ్ శారీ సిల్క్’ అని ఉంది.

ఈ దారం పుట్టేది మన దేశంలోనూ నేపాల్‌లోనూ. పట్టుబట్ట నేసేచోట మిగిలిపోయే తెగిన పోగుల్ని ఏరి, చిక్కు విడదీసి, చేత్తో వడుకుతారు. పాత చీరల్ని పీలికలుగా చింపి చేసేది ఇంకో రకం. అలా వడికిన దారం సముద్రాలు దాటి, అక్కడ అల్లేవాళ్ల బుట్టల్లోకి చేరి, అందులో కొంత మళ్లీ మా పిన్ని ఒళ్లోకి వచ్చింది. మన వీధుల్లో ‘పాత పట్టుచీరలు కొంటాం’ అని కేకేసేవాళ్లకు కావలసింది జరీలోని వెండి. చీరను కాల్చి వెండి తీసుకుంటారు, పట్టు బూడిదైపోతుంది. ఆ సంగతి తెలిసినప్పటినుంచీ మిగులు పట్టుతో ఎవరు ఏం చేసినా నాకు ఆనందమే.

పిన్ని దానితో చేతుల్లేని కోటు అల్లింది. చూడటానికి ఎంత బావుందో! వేసుకుని కాసేపు తిరిగితే మాత్రం అంచు నడుము దాటి కిందికి జారేది. లోపం ఆమె చేతిలో లేదు, పట్టు స్వభావమే అంత. ఊలు పోగులో పుట్టుకతోనే సన్నటి వంకులుంటాయి, లాగి వదిలితే వెనక్కి వస్తుంది. పట్టుకు ఆ గుణం లేదు. పైగా బరువు. పట్టుగూటి నుంచి తీసిన పోగు తెగకుండా దాదాపు కిలోమీటరు దాకా రాగలదు, దాని బలమూ మెరుపూ ఆ పొడవులోనే ఉన్నాయి. తెగిన ముక్కల్ని కలిపి నిలబెట్టాలంటే పురి గట్టిగా పెట్టాలి. ఒంటిపోగుకు పురి ఎక్కువైతే అల్లిన బట్ట ఒక పక్కకు వాలుతుంది.

విప్పి మళ్లీ అల్లుకోవచ్చు కదా అనిపిస్తుంది. ఊలైతే అదే మంచి దారి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941 జూన్‌లో బ్రిటన్‌లో బట్టలకు రేషన్ వచ్చాక ఇల్లాళ్లు పాత స్వెటర్లు విప్పి, దారాన్ని ఉతికి, వంకర్లు పోగొట్టి కొత్తవి అల్లారు. ఈ పట్టుదారం అలా విప్పనివ్వదు. నూగు ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, లాగితే పుటుక్కున తెగుతుంది. అందుకని పిన్ని కోటును కోటుగానే ఉంచి, దాని పనిని మార్చింది.

అడుగు మూసి కుట్టింది. చంకల దగ్గర సందుల్ని కొంతమేర కలిపింది. మెడ సంచి మూతి అయింది, భుజాల పట్టీలు పిడులయ్యాయి. అసలు పనితనం లోపల ఉంది. పాత నేతచీర చెంగుతో అస్తరు కుట్టి, పిడుల లోపలి నుంచి అడుగు దాకా మంచానికి అల్లే నవారు వేసింది. బరువంతా నవారు మోస్తుంది, పట్టు పైన మెరుస్తూ ఉంటే చాలు.

అస్తరు వేయకముందే కోటును చల్లటి నీళ్లలో విడిగా జాడించింది. ఎక్కడెక్కడి అద్దకాలో కలిసిన దారం కదా, నీళ్లు ఎర్రబడ్డాయి. తేరేదాకా జాడించి నీడలో పరిచి ఆరబెట్టింది.

చెత్తలో పోవలసిన దారాన్ని కొన్నంత మాత్రాన మేలు జరిగిపోయిందని నేను అనుకోను. అల్లిన వస్తువు బీరువాలో మడతపడి ఉంటే, ఆ చిక్కులు విడదీసిన వేళ్ల శ్రమ మళ్లీ వృథా అయినట్టే. ఇప్పుడు ఆ సంచి పిన్నితో లైబ్రరీకీ, గుడికీ, బ్యాంకుకీ వెళ్తోంది.

ఇంకా కొన్ని చిలపలు మిగిలాయి. ‘వీటితో శాలువా అల్లరాదూ పిన్నీ?’ అన్నాను.

‘వేలాడేది ఏదీ వద్దే. పీట మీదికి ఆసనం అల్లుతా, బరువు పీట చూసుకుంటుంది’ అని సన్నసూదులు పక్కనపెట్టి లావు సూదులు తీసింది.