రాత్రి రెండింటికి ఎవర్ని లేపాలి?

మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. ఇక్కడ పదో తరగతి పిల్లలున్న ఇంటికి సంక్రాంతి వెళ్లీవెళ్లకముందే కాలేజీ పీఆర్వోలు వచ్చేస్తారు. బెంజి సర్కిల్ హోర్డింగుల మీదున్న ర్యాంకర్లంతా తమవాళ్లేనంటారు. కాఫీ తాగి, ‘సీటు ఖాయం చేసేయమంటారా’ అని అడుగుతారు.

మా అమ్మాయి బాగానే చదువుతుంది. కానీ తొమ్మిదో తరగతి నుంచీ పరీక్ష అంటే చాలు, గుండె దడ, అరచేతుల్లో చెమటలు, ఊపిరాడనట్టు ఉండటం. విజయవాడలో మానసిక వైద్యురాలికి చూపిస్తే యాంగ్జైటీ అన్నారు. చదువు మాన్పించక్కర్లేదు, నిద్ర మాత్రం చెడనివ్వొద్దు, కొన్నాళ్లు ఇంటికి దూరం చేయొద్దన్నారు. మన దగ్గరేమో ఇంటర్ అంటేనే హాస్టలు. చీకటితో లేపి కూర్చోబెడితే రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్సే!

‘నలుగురిలో పడితే అదే సర్దుకుంటుంది. ఈ మాట బయట అనకండి, రేపు సంబంధాలు చూడాలి’ అన్నారు మా బావగారు. మావారూ తటపటాయించారు. నేను మాత్రం చేర్పించే చోట చెప్పి తీరాల్సిందేనన్నాను. పరీక్ష మధ్యలో పిల్ల లేచి బయటికొస్తే, తెలియనివాళ్లు దాన్ని పొగరనుకుంటారు మరి.

అమ్మాయిని వెంటబెట్టుకుని నాలుగు కాలేజీలు తిరిగాం. ‘రాత్రి రెండింటికి పిల్లకి దడ వస్తే ఎవర్ని లేపాలి?’ అని అడిగాను. మొదటిచోట ‘మా దగ్గర అలాంటి పిల్లలుండరండీ’ అన్నారు. అంత పెద్ద హాస్టల్లో ఒక్కరూ లేరంటే, ఉన్నవాళ్లు నోరు విప్పడం లేదనే కదా! రెండోచోట కౌన్సెలర్ ఉన్నారన్నారు. తీరా చూస్తే ఆయన లెక్కల మాస్టారే. మూడోదానికి వెళ్తే గోడ మీద వారాంతపు పరీక్ష మార్కులు, చివరి పదిమంది పేర్లకి ఎర్రసిరా. అమ్మాయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకేమీ అడక్కుండానే బయటికొచ్చేశాం.

ఇదేమీ కొత్త సంగతి కాదు. కార్పొరేట్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ నివేదికలిచ్చాయి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలే ఇచ్చింది. 100 మంది, అంతకుమించి విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్‌ని పెట్టాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. టెలీ మానస్ నంబరు 14416 అందరికీ కనబడేలా రాసిపెట్టాలి. ఆ నంబరుకి ఎవరైనా డబ్బు కట్టక్కర్లేకుండా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఏసీ గదుల కన్నా ముందు ఆ నంబరు ఉందో లేదో చూడమంటాను.

నాలుగోది మా దగ్గర్లోని చిన్న జూనియర్ కాలేజీ. హాస్టల్ లేదు, ఐఐటీ బ్యాచ్ లేదు. ల్యాబ్ కూడా అంతంతమాత్రమే. ప్రిన్సిపల్‌గారు నన్ను ఆపి, ‘నీకు భయం ఎప్పుడు ఎక్కువగా వేస్తుందమ్మా?’ అని నేరుగా అమ్మాయినే అడిగారు. అప్పటిదాకా ఎక్కడా పెదవి విప్పని పిల్ల, ‘పేపర్ పంచేటప్పుడు సార్’ అంది. ‘అయితే గుమ్మం పక్క బెంచీలో కూర్చో. బయటికెళ్లి నీళ్లు తాగి వచ్చి రాసుకో. ఎవరూ ఏమీ అనరు’ అన్నారాయన. కౌన్సెలర్ తమకి లేరనీ, అవసరమైతే మా డాక్టర్‌గారితో తనే మాట్లాడతాననీ చెప్పారు. లేనిది లేదని చెప్పడం నాకు నచ్చింది.

హాస్టళ్లన్నీ చెడ్డవనను. మా చెల్లెలి కొడుకు అక్కడే హాయిగా చదివాడు. వాడి తీరు వేరు.

దరఖాస్తులో ‘ఆరోగ్య సమస్యలు’ అన్నచోట మావారి పెన్ను కాసేపు ఆగింది. చివరికి ఆయనే డాక్టర్ పేరుతో సహా అంతా రాశారు. ఇప్పుడు అమ్మాయి పల్లెవెలుగు బస్సులో రోజూ వెళ్లొస్తోంది. మొదటి నెల పరీక్షలో రెండుసార్లు బయటికొచ్చిందట, రెండుసార్లూ మళ్లీ వెళ్లి రాసిందట.

బావగారు ఫోన్ చేసినప్పుడల్లా మార్కులెన్నని అడుగుతారు. ‘పదింటికల్లా నిద్రపోతోందండీ’ అంటాను.