పహలే ఆప్

మా ఇంట్లో మర్యాదకు రెండు పేర్లుండేవి. అబ్బా 'తమీజ్' అనేవారు. అమ్మీ 'అదబ్' అనేది. బడిలో తెలుగు పంతులు మూడో పేరు నేర్పాడు, 'మర్యాద'. తమీజ్ అంటే తేడా తెలియడం. ఎక్కడ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో తెలియడం. అదబ్ అంటే మనం కాస్త ఒదిగి ఎదుటి మనిషికి చోటివ్వడం. మర్యాద అంటే హద్దు అని కూడా అర్థముందని చాలా తర్వాత తెలిసింది. సముద్రానికి చెలియలికట్ట ఎట్లాగో మనిషికి మర్యాద అట్లాగన్నమాట.

ఈ మూడు మాటలూ ఒకేసారి పరీక్షకు నిలబడే చోటు ఒకటుంది. అది లిఫ్టు. అందులోనూ ఓడలో లిఫ్టు.

ఆఫీసు లిఫ్టులో ఎక్కినవాడు దిగిపోతాడు, మళ్లీ కనబడతాడో లేదో. విహారానికి తిప్పే ఓడలో అట్లా కాదు. పొద్దున మనల్ని తోసుకుని ఎక్కినవాడే మధ్యాహ్నం అన్నాల దగ్గర పక్కన కూర్చుంటాడు. చుట్టూ నీళ్లు. అలిగి పోదామన్నా పోయే చోటు లేదు. 2024లో మొదటిసారి ప్రయాణికులతో బయలుదేరిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అనే ఓడకు 20 అంతస్తులు. నిండితే 7,600 మంది ప్రయాణికులు, వాళ్లకు సేవ చెయ్యడానికి మరో 2,350 మంది సిబ్బంది. మన వైపు ఒక మోస్తరు మండల కేంద్రం లేచి నీళ్ల మీద నడుస్తున్నట్టే. ఆట ముగిసిన వేళ, భోజనాల వేళ, ఒడ్డు చేరిన పొద్దున, ఈ జనమంతా లిఫ్టుల ముందే ఉంటారు.

అందుకే అక్కడ కొన్ని కట్టుబాట్లున్నాయి. దిగేవాళ్లను ముందు దిగనివ్వాలి. ఒకటి రెండు అంతస్తులకైతే కాళ్లున్నవాళ్లు మెట్లెక్కాలి. చక్రాల కుర్చీ వస్తే చోటివ్వాలి. ఈతకొలను నుంచి నీళ్లోడుతూ లోపలికి రాకూడదు. పిల్లలు అన్ని బటన్లూ నొక్కి ఆడుకుంటుంటే తల్లిదండ్రులు ముసిముసిగా నవ్వుతూ చూడకూడదు. ఇవి చట్టాలేం కావు. ప్రమాద ఘంట మోగితే లిఫ్టెక్కకూడదు, మెట్ల మీదే పోవాలన్నదొక్కటే గట్టి నిబంధన. మిగతావన్నీ తమీజ్ మీద ఆధారపడినవే.

ఓడవాళ్లు మనుషుల నమ్మకాలను ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో కూడా లిఫ్టులోనే తెలుస్తుంది. చాలా ఓడల్లో బటన్ల వరసలో 12 తర్వాత 14 ఉంటుంది. 13 ఉండదు. అది చెడ్డ అంకె అని భయపడే పడమటి దేశాల ప్రయాణికుల కోసం ఒక అంతస్తు పేరే ఎగరగొట్టారు. ఎవరికీ అభ్యంతరం లేదు. 13కు భయపడేవాణ్ణి ఛాందసుడని ఎవరూ అనరు. వాడి నమ్మకం కోసం అంత పెద్ద ఓడ అంకెలు మార్చుకుంది. మా ఆడవాళ్ల తల మీది గుడ్డ అదే లిఫ్టులోకి వస్తే మాత్రం అది నమ్మకం కాదు, ఏదో సమస్య. అంకెను దాటవేసినంత తేలిగ్గా మనిషిని చూడలేకపోతున్నారెందుకో మీరే చెప్పండి.

అమ్మీకి డెబ్బై దాటాయి. మోకాళ్లు అరిగిపోయాయి. సముద్రం మీద ఒక్కసారి పోవాలని ఆమె కోరిక. 2023లో ముంబైలో ఓడెక్కించాను. లోపల అంతా చక్రాల కుర్చీలోనే. నల్ల బురఖా, ముఖం మీద ముసుగు లేదు, చేతిలో తస్బీ. కుర్చీ తోయడానికి ఓడ సిబ్బందిలో ఒకతను వచ్చాడు. చొక్కాకు పేరూ దేశమూ రాసిన బిళ్ల. ఇండోనేషియా. అమ్మీని చూసి చాలా చిన్న గొంతుతో సలాం చెప్పాడు. అమ్మీ ఉర్దూలో క్షేమం అడిగింది. అతనికి ఉర్దూ రాదు, ఆమెకు అతని భాష రాదు. ఇద్దరి మధ్య సలాం ఒక్కటే తెలిసిన మాట. అయినా ఇద్దరూ నవ్వుకున్నారు.

భోజనాల వేళ మూడు లిఫ్టులు నిండుగా వచ్చి నిండుగానే పోయాయి. లోపలివాళ్లు కుర్చీని చూశారు, తలుపు వంక చూశారు, తలుపు మూసుకుంది. నాలుగోదాంట్లో కాస్త చోటుంది. ఎక్కాం. లోపల మనవాళ్లే, తెలుగువాళ్లు. భార్యాభర్తలు, పదిహేనేళ్ల కొడుకు. ఆమె భర్తతో అంది: "ఇక్కడక్కూడా వచ్చేశారా వీళ్లు! ఆ కుర్చీ లోపలికొస్తే ఇక మనమెక్కడ నిలబడాలి?"

రెండో మాట లిఫ్టుకు సంబంధించింది. ఇరుకులో ఎవరైనా విసుక్కుంటారు, దానికి నాకు కోపం రాలేదు. మొదటి మాట లిఫ్టుది కాదు. అది మాకు చాలా పాత మాట. అద్దె ఇంటికి పోయి పేరు చెప్పిన తర్వాత ఇంటివాళ్ల కళ్లల్లో చూసింది అదే. కొత్తగా చేరిన ఆఫీసులో పరిచయాలయ్యాక వచ్చే చిన్న నిశ్శబ్దంలో విన్నదీ అదే.

నేను బటన్ల పక్కనే ఉన్నాను. "మీకెన్నో అంతస్తండీ?" అని తెలుగులో అడిగాను.

లిఫ్టులో కాసేపు చప్పుడు లేదు. "ఎనిమిదండీ" అన్నాడు ఆయన. ఆమె ముఖం ఎర్రబడింది. "అయ్యో, మీకు తెలుగొచ్చా? ఎంత బాగా మాట్లాడుతున్నారో!" అంది. ఇరవై ఏళ్లుగా తెలుగు రాసి బతుకుతున్నవాణ్ణి. ఈ మెచ్చుకోలు నాకు ఎన్నోసారో లెక్కలేదు. నేను నోరు విప్పేలోగా అమ్మీయే జవాబు చెప్పింది. "ఎందుకు రాదు బిడ్డా, మాది నల్లగొండ. మీదే ఊరు?"

మర్నాడు పొద్దున లిఫ్టు తలుపు తెరుచుకుంటే లోపల వాళ్లే ఉన్నారు, ఇంకా చాలామంది ఉన్నారు. ఆమె కొడుకును భుజం తట్టింది. "నువ్వు దిగి మెట్లెక్కి రారా, పెద్దమ్మ కుర్చీ రావాలి." వాడు దిగాడు. ఆ పిల్లవాణ్ణి చూసి మరో ఇద్దరు దిగారు. అమ్మీ "జీతే రహో బేటా" అంది. ఆ తల్లి చేసింది నటన కాదు. మంచితనమే. నాకు అందులో ఏ అనుమానమూ లేదు.

కానీ ఆ రాత్రి పైడెక్కు మీద నిలబడితే ఒక ఆలోచన వదల్లేదు. మా అమ్మీకి చోటు దొరికింది మోకాళ్లు నొప్పులున్నందుకు కాదు, తెలుగు వచ్చినందుకు. అదే కుర్చీలో బీహారు నుంచో బెంగాల్ నుంచో వచ్చిన ముసలమ్మ ఉంటే? "మాది నల్లగొండ" అని చెప్పుకోలేని మనిషి ఉంటే? లిఫ్టు తలుపుకు భాష తాళంచెవి ఎందుకు కావాలి?

ఇంకో సంగతి. ఇట్లాంటి చోట్ల మేము మామూలు మనుషులకంటే ఎక్కువ మర్యాదగా ఉంటాం. గమనించారా మీరెప్పుడైనా? ఇంకొకరి కోసం తలుపు పట్టుకుంటాం. గొంతు తగ్గిస్తాం. ఫోనులో 'అస్సలాము అలైకుమ్' అనాల్సినచోట 'హలో'తో సరిపెడతాం. భుజాన సంచి ఉంటే ముందుకు తెచ్చుకుంటాం, లోపలేముందో అని ఎవరూ అనుకోకూడదని. మిగతావాళ్లు మొరటుగా తోసుకుంటే అది ఆ ఒక్క మనిషి మొరటుతనం. మేము తోసుకుంటే అది మా జాతి గుణం. వాళ్లకు మర్యాద అలంకారం, ఉంటే ముచ్చట. మాకది గుర్తింపు కార్డు, ఎప్పుడూ జేబులో ఉండాలి. లక్నో నవాబులిద్దరు 'పహలే ఆప్, పహలే ఆప్' అనుకుంటూ రైలు పోగొట్టుకున్నారని కథ చెప్పి నవ్వుతారు. ఆ నవాబులది తీరిక. మాది తీరిక కాదు, జాగ్రత్త.

ఇంతవరకూ లిఫ్టు లోపలున్నవాళ్ల గొడవ. అసలు అందులోకి రానివాళ్ల మాటేమిటి? ఆ ఇండోనేషియా పిల్లవాడు కుర్చీ తోస్తున్నాడు కాబట్టి మాతో ఎక్కాడు. ఓడ సిబ్బందికి వేరే మెట్లు, వేరే లిఫ్టులు ఉంటాయి. ప్రయాణికుల కంట పడకుండా వాళ్ల ప్రపంచం వేరే గోడల వెనక నడుస్తుంది. నావికుల పని గురించిన అంతర్జాతీయ ఒడంబడిక 2006లో వచ్చింది. దాని ప్రకారం రోజు మొత్తంలో కనీసం పది గంటలు విశ్రాంతి ఇవ్వాలి. కనీసం అంతన్నా ఇవ్వండని దేశాలన్నీ కూర్చుని రాసుకోవాల్సి వచ్చిందంటే పని ఎట్లాంటిదో ఊహించుకోవచ్చు. టైటానిక్ ఓడలో మొదటి తరగతికి మూడు లిఫ్టులు, రెండో తరగతికి ఒకటి ఉండేవి. మూడో తరగతికి ఒక్కటీ లేదు. 1912లో మునిగేనాటికి లెక్క అది.

ఆ కాలపు ఆవిరి ఓడల అడుగున కొలిమి గదుల్లో బొగ్గు ఎగదోసినవాళ్లలో చాలామంది మావాళ్లే. సిల్హెట్ నుంచి, పంజాబ్ నుంచి పోయిన ముసల్మానులు. దొరలు వాళ్లను 'లస్కర్లు' అన్నారు. మన సికింద్రాబాదును లష్కర్ అనడం, లష్కర్ బోనాలనడం మీకు తెలుసు. ఆ మాటే ఈ మాట. వాళ్ల మేస్త్రీని 'సరంగు' అనేవారు. గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ణి కూడా సరంగు అనే పిలుస్తారు. అది పారసీ నుంచి వచ్చిన మాట. మాటలు ఎవర్నీ అడక్కుండా ఎక్కి కూర్చున్నాయి. మనుషులే ఇంకా గుమ్మం బయట ఉన్నారు.

ఓడల సంగతి ఎందుకు, హైదరాబాదు అపార్టుమెంట్లు చూడండి. పనిమనుషులు, సరుకులు తెచ్చే కుర్రాళ్లు ఈ లిఫ్టెక్కితే జరిమానా అని నోటీసులు పెట్టారు. వార్తల్లోకి కూడా వచ్చాయి. ఆ గిన్నెలు తోమిన చేతులు ఇంట్లోకి రావచ్చు, లిఫ్టులోకి రాకూడదు. ఆ నోటీసు కింద మతం పేరు లేదు. కులం పేరూ లేదు. ఎవరి గురించో చదివిన అందరికీ తెలుసు.

మా దాదా 1970ల్లో హజ్‌కు ఓడ మీదే పోయాడు. నల్లగొండ నుంచి బొంబాయి దాకా రైలు, అక్కణ్ణుంచి జెద్దాకు ఓడ. 1995 నుంచి ఆ ఓడలు ఆగిపోయాయి, ఇప్పుడంతా విమానాలే. దాదా చెప్పే ముచ్చట్లలో నాకు బాగా గుర్తున్నది ఇహ్రాం కట్టుకునే ఘట్టం. యలమ్‌లమ్ దరిదాపుల్లోకి వచ్చేసరికి ఓడలో మగవాళ్లందరూ కుట్టులేని రెండు తెల్లబట్టల్లోకి మారిపోయేవారట. ఎవరు జమీందారో ఎవరు జీతగాడో బట్టను బట్టి తెలిసేది కాదు. "మరి అంతా ఒక్కటేనా దాదా?" అని అడిగితే ఆయన నవ్వేవాడు. "బట్టలు ఒక్కటే బేటా. పడుకునేటప్పుడు మాత్రం టికెట్టు గుర్తుకొచ్చేది. నాది కిందిది."

ఆ నవ్వు మా ఇంటి మీద కూడా. మసీదులో భుజం భుజం తగిలేట్టు నిలబడతాం. ముందొచ్చినవాడు ముందు వరస. అంతకంటే మంచి కట్టుబాటు ఏ ఓడలోనూ లేదు. బయటికొచ్చి చెప్పులు తొడుక్కోగానే సయ్యదు సయ్యదవుతాడు, దూదేకులవాడు దూదేకులవాడవుతాడు. నూర్‌బాషాలది తెలుగు ఇంటిభాష. ఉర్దూ సరిగ్గా పలకలేరని వాళ్లను చూసి నవ్వే ముసల్మానులు మాలో ఎంతమంది! "వీళ్లదేం ఇస్లాం" అనే పెద్దమనుషులు లేరా? లిఫ్టులో ఆ తల్లి మా అమ్మీకి తెలుగు పరీక్ష పెట్టింది. మనం దూదేకుల పెద్దమనిషికి ఉర్దూ పరీక్ష పెడుతున్నాం. రెండు చోట్లా తలుపు మూసే చెయ్యి ఒక్కటే. బయటి తలుపు తెరవమని అడిగేవాళ్లం ఇంటి లోపలి తలుపు కూడా తెరవాలి. లేకపోతే మన అడగడానికి బలం ఉండదు.

సలాంకు మాకొక పద్ధతుంది. నడిచేవాడు కూర్చున్నవాడికి ముందు చెప్పాలి. తక్కువమంది ఎక్కువమందికి ముందు చెప్పాలి. చిన్నప్పుడు మౌల్వీ సాబ్ దగ్గర నేర్చుకున్న హదీసు ఇది. లిఫ్టుకోసమే చెప్పినట్టుంటుంది. ఈ దేశంలో మేము తక్కువమందిమి. ముందు సలాం చెప్పడానికి మాకేం నామోషీ లేదు. చెబుతూనే ఉన్నాం. సలామని చెప్పాం, నమస్కారమని చెప్పాం, 'మీకెన్నో అంతస్తండీ' అని అడిగాం.

అదే మౌల్వీ సాబ్ ఇంకోటి కూడా నేర్పాడు. సలాం చెప్పడం సున్నత్, చెబితే మంచిది. జవాబివ్వడం వాజిబ్, ఇచ్చి తీరాలి.