గోలు కాపరి

లాల్‌దర్వాజా అనగానే అందరికీ ఆషాఢమాసపు బోనాలు గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం మా గల్లీ చివర పెట్టుకున్న రెండు ఇటుకలు గుర్తుకు వస్తాయి. అదే మా గోలు. ఆ ఇటుకల మధ్య ఎప్పుడూ మా తమ్ముడే నిలబడేవాడు. వాడు చిన్నవాడు గనుక పరుగెత్తి బంతి తన్నే పని పెద్దవాళ్ళం మేము తీసుకొని, నిలబడే పని వాడికి అప్పగించేవాళ్ళం.

నేను తొమ్మిదవ తరగతిలో, వాడు ఏడవ తరగతిలో ఉండగా వేరే బడితో పోటీ వచ్చింది. మొదటి సగంలోనే నా ఎదుట గోలు ఖాళీగా దొరికింది. తొందరపడి బంతిని పక్కకు తన్నాను. ‘పోనీలే’ అన్నారు అందరూ. ఆట ముగియబోతుండగా అవతలివారు కొట్టిన మెల్లని బంతి మా తమ్ముడి కాళ్ళ మధ్యనుంచి లోపలికి వెళ్ళిపోయింది. ఓడిపోయాము. నేను అందరి ముందూ వాణ్ణి, “నీవల్లే ఓడిపోయాంరా” అని తిట్టాను. వాడు మాట్లాడలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారు, “నువ్వెన్ని గోల్స్ వేశావురా?” అని నన్ను అడిగారు. “నాకసలు బంతే రాలేదు నాన్నా” అన్నాను. అది అబద్ధం. తమ్ముడు తల వంచుకొని అన్నం తింటున్నాడు. మరునాటినుంచి వాడు ఆ ఇటుకల మధ్య నిలబడలేదు.

నాన్నగారు వాణ్ణి ఊరడించడానికి పీటర్ తంగరాజ్ సంగతి చెప్పేవారు. ఆయన మన హైదరాబాదులోనే పుట్టినవాడు, ఆరడుగులు దాటిన మనిషి. సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టుకు ఆడాడు. 1958లో ఆసియా ఖండంలోనే ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎన్నికయ్యాడు. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల్లో, మన హైదరాబాదువాడే అయిన రహీంగారి శిక్షణలో భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచినప్పుడు గోలు దగ్గర నిలబడింది ఆయనే. 1967లో అర్జున అవార్డు కూడా అందుకున్నాడు. ఈ కథ విన్నా తమ్ముడి మనసు మారలేదు.

పల్లెల్లో ఉండే పాఠకులకు గోల్‌కీపర్ పని తేలికగానే అర్థమవుతుంది. జొన్నచేలో మంచె మీద కాపున్నవాడిలాంటివాడు. రోజంతా పిట్టలను తోలితే ఎవరూ మెచ్చుకోరు. ఒక్క గడియ కునుకు తీస్తే తిన్న కంకులన్నీ వాడి లెక్కలోకే వస్తాయి.

బహుమానాల విషయంలోనూ అలాగే జరిగింది. ఉత్తమ ఆటగాడికిచ్చే ‘బాలన్ డి ఓర్’ 1956నుంచి ఉన్నది. ఇన్నేళ్ళలో దానిని అందుకున్న గోల్‌కీపర్ ఒక్కడే, 1963లో రష్యాకు చెందిన లెవ్ యాషిన్. ప్రపంచ కప్పులో ఉత్తమ గోల్‌కీపర్‌కంటూ ప్రత్యేకంగా బహుమానం 1994లో యాషిన్ పేరుతోనే మొదలైంది. 2010నుంచి దానిని ‘గోల్డెన్ గ్లోవ్’, అంటే బంగారు చేతితొడుగు అంటున్నారు. 2002లో జర్మనీ గోల్‌కీపర్ ఆలివర్ కాన్ ఆ బహుమానంతోపాటు మొత్తం పోటీలో ఉత్తమ ఆటగాడి బహుమానమూ పొందాడు. ఫైనల్‌కు ముందు ఆరు ఆటల్లో ఒక్క గోలే ఇచ్చిన ఆయన చేతుల్లోనుంచి ఫైనల్లో బంతి జారింది. బ్రెజిల్ ఆటగాడు రొనాల్డో దానిని గోలు చేశాడు. జర్మనీ 2-0తో ఓడిపోయింది.

ఇక నా కథకు వస్తాను. 2022 మార్చి 20, ఆదివారం. లాల్‌దర్వాజాలో తమ్ముడి ఇంటికి వెళ్ళాను. ఆ రాత్రి గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. హైదరాబాద్ జట్టుకు, కేరళ బ్లాస్టర్స్‌కు పోటీ. తమ్ముడి మనవడు టీవీ పెట్టాడు. రెండవ సగంలో కేరళ ఆటగాడు రాహుల్ దూరంనుంచి కొట్టిన బంతి మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి చేతికి తగిలి కూడా లోపలికి వెళ్ళింది. “వీడివల్లే పోయింది తాతా!” అని పిల్లవాడు అరిచాడు. నా గొంతే నాకు వినిపించినట్లయింది. తమ్ముడు మాత్రం, “ఆట ఇంకా ఉంది, చూడరా” అన్నాడు.

88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలు వేసి 1-1 చేశాడు. చివరికి పెనాల్టీలు వచ్చాయి. కేరళవారు కొట్టిన నాలుగింటిలో మూడింటిని ఆ కట్టిమణే ఆపాడు. హైదరాబాద్ 3-1తో గెలిచింది. ఆ యేటి గోల్డెన్ గ్లోవ్ మాత్రం కట్టిమణికి రాలేదు, ఓడిన జట్టు గోల్‌కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్‌కు వచ్చింది. ఎందుకంటే అది ఒక్క రాత్రికిచ్చేది కాదు, ఆ పోటీ పొడవునా ఎన్ని ఆటల్లో గోలు పోకుండా కాపాడాడో చూసి ఇచ్చేది. ఆ హైదరాబాద్ జట్టు కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయింది.

పిల్లవాడు నిద్రపోయాక నేను తమ్ముడితో అన్నాను. “చిన్నా, ఆనాడు నాన్నగారికి అబద్ధం చెప్పాను. ఖాళీ గోలు ముందు బంతి పోగొట్టింది నేను. తిట్లు నీకు తినిపించాను. నన్ను క్షమించు.”

వాడు నవ్వాడు. “నాకు తెలుసన్నా. గోలు దగ్గర నిలబడ్డవాడికి మైదానమంతా కనబడుతుంది గదా!”

“మరి నాన్నగారికి ఎందుకు చెప్పలేదురా?”

“చెబితే నీకు కూడా దెబ్బలు పడేవి. అప్పటికే ఒకడు ఏడుస్తున్నాడు, చాలదా?” అన్నాడు.

నాకు కన్నీరు ఆగలేదు. వాడు ఆ రోజు బంతిని ఆపలేకపోయాడు గాని, నా మీద పడవలసిన దెబ్బను ఆపాడు. ఆ సంగతి యాభై ఏళ్ళ దాకా ఎవరితోనూ అనలేదు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో గోలు దగ్గర నిలబడినవారెవరు? తెల్లవారుజామున లేచి అందరికీ వండిపెట్టే తల్లి ఒకనాడు కూర మాడిస్తే ఆ మాటే నెలరోజులు అనుకుంటున్నామా? బంగారు చేతితొడుగు ఇవ్వడం మనవల్ల కాదు. మాడని కూరల లెక్క కూడా జ్ఞాపకం పెట్టుకొని ఒక మంచి మాట అనడం మనవల్ల అవుతుంది. నాలాగా యాభై ఏళ్ళు ఆగకండి, ఈ రాత్రి భోజనాల దగ్గరే ఆ మాట చెప్పండి.