మంథనిలో అద్దము లేని కెమెరా

మంథని గోదావరి దక్షిణతీరమున, పెద్దపల్లి జిల్లాలో నున్న ప్రాచీనమైన యూరు. కరీంనగరమునకు సుమారు 70 కిలోమీటర్లు. వేదపండితుల నివాసమని పేరొందిన యీ యూరికి మంత్రపురి యనియు పేరు కలదు. 1957 మొదలు 1977 వఱకు పి.వి. నరసింహారావుగారిని శాసనసభకు పంపిన దీ యూరే. ఇవి సోదరీమణులు వినినవే కాన వేఱొక సంగతి చెప్పెదను.

కార్తికమున వదినెగారితో గౌతమేశ్వరస్వామి దర్శనమునకు బోవుచు కెనాన్ ఆర్ 50 అను కెమెరాను వెంట గొంటిమి. క్రొత్తగా నేర్చువారి నుద్దేశించి 2023లో వెలువడినది. దానితో నిచ్చు లెన్సును తగిల్చినను అరకిలో బరువు.

దీనిని మిర్రర్‌లెస్, అనగా అద్దము లేనిది, అందురు. వెనుకటి పెద్ద కెమెరాలలో లెన్సు వెనుక నొక యద్దము ఏటవాలుగా నిలిచి, వెలుగును కంటివైపునకు మఱల్చెడిది. మీట నొక్కగానే పైకి లేచెడిది. ఇందు అది లేదు. వెలుగు తిన్నగా సెన్సరుమీద బడును. అచ్చట నేర్పడిన బొమ్మయే మనము కన్నుంచు గవాక్షములో చిన్న తెరపై కనబడును. 2 కోట్ల 42 లక్షల చుక్కలతో బొమ్మ యేర్పడునట.

మాకు మేలు తోచినది చుక్కల లెక్క కాదు. గుడిమండపములో బయట తెల్లని యెండ, లోపల చీకటి. చక్రమును కొంచెము త్రిప్పగా, నల్లని స్తంభము మెల్లమెల్లగా గవాక్షములో తేటపడినది. ఉప్పు చాలినదో లేదో వడ్డించిన పిమ్మట గాక, ఉడుకుచుండగనే తెలిసినట్లు! కొఱతలును గలవు. తెర సదా వెలుగుచుండుటచే బ్యాటరీ త్వరగా దిగిపోవును; రెండవది సంచిలో నుండవలయును. వెంట వచ్చు లెన్సు చీకటికి చాలదు. బొమ్మలో ఇసుక చల్లినట్లు గఱుకు దేలును. 50 మిల్లీమీటర్ల 1.8 లెన్సు వేఱుగ కొన్నచో శిల్పములకు మేలు.

చప్పుడు లేక బొమ్మ తీయు నేర్పాటు కూడ నిందు గలదు. వేదపారాయణము జరుగుచోట, అనుమతి యున్నయెడల, అది మర్యాద. స్నానఘట్టమున అదియే దొంగతనము. 1892లో రాజా దీన్‌దయాళ్‌గారు హైదరాబాదులో స్త్రీలకొఱకు ప్రత్యేకముగ జనానా స్టూడియో నెలకొల్పి, దాని నొక ఆంగ్లేయవనిత కప్పగించిరి. నాటి పెట్టె కెమెరా ముక్కాలిపై నిలిచి యందఱికిని గనబడెడిది; తన బొమ్మ తీయుచున్నారని కూర్చున్నామె యెఱుగును. నేటిది పిడికిట నిముడును. తడిచీరలతో నున్న స్త్రీలవైపు త్రిప్పరాదని మేమిరువురము ముందే అనుకొంటిమి.

గట్టున దీపము వదలబోవు ఒక వృద్ధురాలిని అడిగితిమి.

"మొగం వద్దు గని, దీపం తియ్యి బిడ్డా" అన్నది.

దొన్నెయు, జ్వాలయు, ముడుతలు పడిన రెండు చేతులును వచ్చినవి. తెరను ప్రక్కకు త్రిప్పి యామెకు జూపితిమి. చాలసేపు చూచి, "ఒత్తి పెద్దగైంది" అని, దీపమును నీటిలో విడిచినది.